స్టీరింగ్ ముందు కూర్చునే నడుముకు పెద్దమ్మ రాసిన ఉత్తరం

చిరంజీవి నాన్నకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్‌లో నీ నడుము నొప్పి సంగతంతా చెప్పింది. ఎడమ పిర్రలో మొదలై తొడ వెనక నుంచి పిక్క దాకా లాగుతోందట, బస్సు నడిపే డ్యూటీ అయ్యాక సీట్లోంచి లేచి నిటారుగా నిలబడటానికి కాసేపు పడుతోందట. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇన్నేళ్లు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరైన దాన్ని, మన ఇంటి పిల్లాడి నడుము గురించి ఊరుకోలేను. ఓపిగ్గా చదువు.

ముందు ఆలస్యం చేయకూడని సంగతులు. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి ఎత్తలేక నేలకు ఈడుస్తున్నా వ్యాయామం మాట పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించాలి. నీకు ఇవేవీ లేవని మీ అమ్మ చెప్పింది. అయినా నువ్వే ఒకసారి సరిచూసుకో.

ఎమ్మారైలో డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది, ఉబ్బిందని వచ్చిందని బెంగపడుతున్నావట. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా చాలామందికి అలాగే వస్తుంది నాన్నా. ఆ ఒక్క మాట పట్టుకుని మంచం ఎక్కకు. పడుకునే కొద్దీ కండలు బలం తగ్గి, నడుము ఇంకా బిగుసుకుంటుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు రోజూ మింగడం కూడా ఆపు. అవి కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

నేను నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. నొప్పి ఎంత ఉంది అని కాదు, ఎటు పోతోంది అని చూసుకో. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి కాలినొప్పితో ఒకాయన వచ్చాడు. తలవైపు ఎత్తి ఉన్న బల్ల మీద ఆయన అనుకోకుండా బోర్లా పడుకున్నాడు. కొన్ని నిమిషాలు పోయాక చూస్తే కాలినొప్పి పోయి నడుములో మాత్రం మిగిలింది. నొప్పి పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు వెనక్కి వస్తుంటే నువ్వు చేసే పని సరైనదే, అప్పుడు నడుములో కాస్త ఎక్కువైనా పరవాలేదు. నడుములో తగ్గి పాదం వైపు దిగుతుంటే మాత్రం ఆ కదలిక అక్కడే ఆపు. మా డిపార్ట్‌మెంటులో ఏ పేషెంటు వచ్చినా నేను మొదట అడిగేది ఇదే.

అందుకే నీకు మొదటి వ్యాయామంగా ఆ బోర్లా పడుకోవడమే ఇస్తున్నాను. పరుపు వద్దు, నేల మీద చాప వేసుకో. బోర్లా పడుకుని రెండు నిమిషాలు ఒళ్లు వదిలెయ్. తర్వాత మోచేతుల మీద లేచి ఇంకో రెండు నిమిషాలు ఉండు. అలా ఉన్నప్పుడు కాలి లాగుడు పాదం వైపు దిగకపోతే, అరచేతులు భుజాల పక్కన ఆనించి ఛాతీ పైకెత్తు, నడుము నుంచి కింది భాగమంతా చాపకు అంటుకునే ఉండాలి. భుజంగాసనం లాంటిదే, కాకపోతే పనంతా చేతులది, నడుము కండలు వదులుగా ఉండాలి. పదిసార్లు చాలు. రోజుకు మూడు నాలుగు మార్లు చెయ్. అన్నట్టు, ఇది మీ అమ్మ చేత చేయించకు. ఆవిడకు నడిస్తే కాళ్లు లాగుతాయి, కూర్చుంటే హాయిగా ఉంటుంది. ఆ నొప్పి తీరు వేరు, వెనక్కి వంగితే ఎక్కువవుతుంది.

ఇక తుంటి సంగతి. గంటల తరబడి కూర్చునేవాళ్లకు తొడ ముందు భాగంలో, గజ్జల దగ్గర కండ పొట్టిబడుతుంది. ఆ కండ పైకొస నడుము వెన్నుపూసలకే అతుక్కుని ఉంటుంది కాబట్టి, నువ్వు లేచి నిలబడగానే అది నడుమును ముందుకు గుంజుతుంది. సీట్లోంచి లేచాక వెంటనే నిటారు కాలేకపోవడంలో దీని పాత్ర చాలా ఉంది. టవల్ మడతపెట్టి ఎడమ మోకాలు దాని మీద ఆనించు, కుడి పాదం ముందుకు పెట్టు. ఎడమ పిర్రను గట్టిగా బిగించు. బిగింపు వదలకుండా ఒళ్లంతా కొద్దిగా ముందుకు జరుపు. ఎడమ గజ్జల్లో లాగినట్టు తెలియాలి. నడుము వంపు తిరిగిందంటే మాత్రం సాగేది నడుమే, తుంటి కాదు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. అర నిమిషం చొప్పున రెండు వైపులా మూడేసి సార్లు.

తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిర్రలు బిగించి నడుము పైకెత్తు. ఐదు లెక్కపెట్టి దించు. పదిసార్లు. తొడ వెనక కండ పట్టేస్తే మడమలను ఇంకాస్త దగ్గరికి లాక్కో. ఇవి రెండు వారాలు కుదురుగా చేశాక పిర్ర సాగదీసేవి, చేతులూ మోకాళ్ల మీద ఉండి చేసేవి చెబుతాను. ఇప్పుడే అన్నీ మొదలుపెట్టకు.

పొద్దున లేచిన మొదటి గంట ముందుకు వంగే పనులు పెట్టుకోకు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, వంగితే వాటి మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ పడుతుంది. సూర్య నమస్కారాలు మానవద్దు, సాయంత్రానికి మార్చుకో.

నీ సీటు గురించి. వెనక జేబులో పర్సు తీసి ముందు పెట్టుకో. రోజంతా దాని మీద కూర్చుంటే తుంటి ఒక పక్కకు ఎత్తుగా ఉంటుంది, కింద నరం నలుగుతుంది. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా ఎడమ మోకాలు కొద్దిగా వంగి ఉండేటట్టు సీటు ముందుకు జరుపు. దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్ మలుపుల్లో ఎన్నిసార్లు క్లచ్ తొక్కుతావో నాకు తెలుసు. ప్రతిసారీ కాలు చాచి తొక్కితే తుంటి కూడా ఒరుగుతుంది. నడుము వంపులో చిన్న టవల్ చుట్టి పెట్టుకో. వినుకొండ, మార్కాపురం బస్టాండుల్లో బస్సు ఆగినప్పుడు దిగి, నడుము మీద చేతులు వేసి ఐదారుసార్లు వెనక్కి వంగు, నాలుగు అడుగులు నడువు. బస్సు దిగీ దిగగానే ఎవరి మూటా ఎత్తకు.

వ్యాయామం చేశాక కాస్త నొప్పిగా ఉండి గంటలో సర్దుకుంటే మంచిదే. మర్నాడు పొద్దున్నకి కూడా ఎక్కువగానే ఉంటే లెక్క సగం చెయ్, పూర్తిగా మానకు. ఆరు వారాలకు తేడా లేకపోతే మీ ఊళ్లో ఫిజియోథెరపిస్టుకు నేరుగా చూపించుకో.

ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చెయ్. ఫోన్ గోడకు ఆనించి పెట్టి, చాప మీద అవన్నీ చేసి చూపించు. ఈలోగా రోజూ రాత్రి నొప్పి ఎక్కడి దాకా వచ్చిందో, పిక్కా, తొడా, నడుమా, క్యాలెండర్ మీద ఒక్క మాట రాసి పెట్టుకో. దాన్ని బట్టి తర్వాతవి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ