అంబాసిడర్ ఐడిల్‌లో వణుకుతుంటే కార్బరేటర్ కంటే ముందు డిస్ట్రిబ్యూటర్ చూడండి

మీరు రాసింది ఇదీ: నాన్నగారి 1986 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్ బండి. సిగ్నల్ దగ్గర ఆగితే బండంతా వణుకుతోంది, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతోంది. కార్బరేటర్ రెండుసార్లు విప్పి కడిగించారు. తర్వాత మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరసగా కరెంటు పంపే భాగం) కొంచెం తిప్పితే ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నడక) బాగుపడింది గానీ, ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే గులకరాళ్లు వేసిన డబ్బా ఊపినట్టు శబ్దం వస్తోంది.

నా దగ్గరా మార్క్ 4 ఉంది, అదే 1489 సీసీ ఇంజిన్. దానికీ ఇదే జబ్బు వచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ అడ్వాన్స్ చేస్తే, అంటే ప్లగ్గులో స్పార్క్ కాస్త ముందే పడేలా చేస్తే, ఐడిల్ ఆర్‌పీఎం పెరుగుతుంది, దాంతో వణుకు తగ్గినట్టు కనిపిస్తుంది. అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండడం) మొదలవుతుంది, మీరు వింటున్న శబ్దం అదే. దాన్ని అలా వదిలేస్తే పిస్టన్లకూ హెడ్ గాస్కెట్‌కూ ముప్పు. కాబట్టి ఈ సెట్టింగ్‌తో హైవే ఎక్కకండి.

ముందు ఒక చిన్న పరీక్ష. ఐడిల్‌లో ఉండగా, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో ఒక్కో ప్లగ్ వైరు తీసి, వెంటనే మళ్లీ పెట్టండి (చేత్తో వద్దు, గట్టిగా షాక్ కొడుతుంది). ఏ వైరు తీసినప్పుడు ఇంజిన్‌లో తేడా రాదో ఆ సిలిండర్‌ పని చేయడం లేదని అర్థం. అప్పుడు ప్లగ్, వైరు, ట్యాపెట్ సెట్టింగ్, కంప్రెషన్ చూడాలి. నాలుగు సిలిండర్లూ పని చేస్తూనే మిస్సింగ్ (మధ్యలో మంట తప్పడం) ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే మొదటి అనుమానం డిస్ట్రిబ్యూటర్ మీదే. నా బండిలో జరిగింది ఈ రెండోదే.

క్యాప్ తీసి రోటర్ పట్టుకోండి. కొంచెం తిప్పి వదిలితే స్ప్రింగుతో వెనక్కి రావాలి, అది మంచిదే, లోపల అడ్వాన్స్ వెయిట్లు (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపేవి) కదులుతున్నాయన్నమాట. ఇప్పుడు తిప్పకుండా పక్కకు నెట్టి చూడండి. చేతికి ఆట తెలిస్తే బుష్ (షాఫ్ట్ తిరిగే లోహపు గొట్టం) అరిగినట్టే. నా బండిలో ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే క్యామ్ ఒక మూల మీద పాయింట్ గ్యాప్ (స్పార్క్ కోసం కరెంటును తెంచే పాయింట్లు విడే దూరం) 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), ఇంకో మూల మీద 20 థౌ. ఉండాల్సింది అన్నిటి మీదా 14 నుంచి 16 థౌ. గ్యాప్ ఎక్కువైతే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, తక్కువైతే ఆలస్యమవుతాయి. అంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో టైమింగ్! టైమింగ్ లైట్ వేస్తే పుల్లీ మీద గాటు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ గెంతుతూ కనిపించింది. ఇలాంటప్పుడు కార్బరేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం ఉండదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో గన్‌మెటల్ బుష్ చేయించి, షాఫ్ట్‌కి సరిపడా రీమింగ్ చేయించాను. అక్కడి పెద్దాయన డిస్ట్రిబ్యూటర్ విప్పుతూ ఇంకోటి పట్టుకున్నారు: పాయింట్లకి వెళ్లే సన్నటి వైరు పైన తొడుగు బాగానే ఉంది గానీ లోపల తీగలు తెగి రెండు మూడు పోగులే మిగిలాయి. పాయింట్ల ప్లేటు కదిలినప్పుడల్లా ఆ వైరు వంగుతుంది కదా, అక్కడే తెగుతుంది. మీ బండిలో దాన్నీ మెల్లగా లాగి చూడండి, రబ్బరులా సాగితే లోపల తెగినట్టే. పాయింట్లు నల్లగా మాడి ఉంటే కండెన్సర్ కూడా మార్చేయండి, ఖర్చు పెద్దగా ఉండదు.

ఇవన్నీ అయ్యాకే టైమింగ్. కింద టైమింగ్ కవర్ దగ్గర ఉన్న ముళ్లనూ పుల్లీ గాటునూ వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి సుద్దముక్క రాయండి. పొడవుగా ఉన్న ముల్లు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు), పక్కన పొట్టివి 5, 10 డిగ్రీలు. ఇంజిన్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతూ, ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉండగా మాన్యువల్‌లో ఇచ్చిన డిగ్రీ దగ్గర ఆపండి. (కంప్రెషన్ రేషియోని బట్టి ఆ అంకె మారుతుంది, పక్కింటి బండిది వాడకండి.) డిస్ట్రిబ్యూటర్ పక్కన సన్న వైరు బిగించే టెర్మినల్‌కీ బాడీకీ మధ్య చిన్న 12 వోల్టుల బల్బు పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. క్లాంప్ లూజు చేసి డిస్ట్రిబ్యూటర్‌ను ముందు అపసవ్య దిశలో, బల్బు ఆరేదాకా తిప్పండి. తర్వాత గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పుతూ వస్తే, పాయింట్లు విడిన క్షణంలో బల్బు వెలుగుతుంది. అక్కడే బిగించండి. పని అవగానే ఇగ్నిషన్ ఆపేయండి, లేకపోతే కాయిల్ వేడెక్కుతుంది. రోటర్ అపసవ్య దిశలో తిరుగుతుంది, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. వైర్లు ఆ వరసలోనే ఉన్నాయో లేదో ఓసారి చూసుకోండి.

తర్వాత రోడ్డు మీద టాప్ గేర్‌లో 40 స్పీడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. క్షణకాలం సన్నగా టకటకమని ఆగిపోతే సరే. ఆగకుండా వస్తుంటే కొంచెం రిటార్డ్ చేయండి (స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా).

కార్బరేటర్ అన్నిటికంటే చివర. ఇంజిన్ బాగా వేడెక్కాక మిక్చర్ స్క్రూ, ఐడిల్ స్క్రూ రెండూ కొద్దికొద్దిగా తిప్పి సెట్ చేయండి. స్క్రూకి అసలు స్పందనే లేకపోతే స్లో జెట్ మూసుకుపోయిందేమో, లేదా మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గాలి పీలుస్తోందేమో చూడాలి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది కాబట్టి మిక్చర్ పాత సెట్టింగ్ కంటే కాస్త రిచ్‌గా (పెట్రోల్ పాలు ఎక్కువగా) కావాల్సి రావచ్చు. పాత రబ్బరు పెట్రోల్ పైపులు కూడా ఈ పెట్రోల్‌కి తట్టుకోవు, చీలికలు కనిపిస్తే ఈ పనిలో పనిగా మార్చేయండి.

రోటర్ పక్కకి ఆడుతోందో లేదో చూసి రాయండి. బుష్ పని కావాలంటే డిస్ట్రిబ్యూటర్ బయటికి తీసేముందు రోటర్ ఎటు చూస్తోందో బాడీ మీద గుర్తు పెట్టి, ఒక ఫొటో తీసుకోండి.