హెర్పిస్‌కు ఏ రక్తపరీక్ష సరైనది? ఐజీఎం పాజిటివ్ వచ్చినవారికి నా అనుభవం

ఐదు వారాల కిందట ఒకరితో శారీరకంగా కలిశానని, ఒంటి మీద పొక్కు ఒక్కటీ లేకపోయినా భయంతో పరీక్ష చేయించుకుంటే హెర్పిస్ ఐజీఎం (వైరస్ సోకిన కొత్తలో ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ, అంటే రోగాన్ని ఎదుర్కొనే ప్రొటీన్) పాజిటివ్ వచ్చిందని, కుదిరిన పెళ్లి వదులుకోవాలా అని అడిగారు. దయచేసి ఆ ఒక్క కాగితాన్ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

మూడేళ్ల కిందట నేనూ ఆ పరీక్షతోనే మొదలుపెట్టాను. ల్యాబ్ కౌంటర్ దగ్గర ఆ పేరు పలకడానికి నోరు రాక చీటీ మీద రాసిచ్చాను. వాళ్లు గర్భిణులకు చేసే టార్చ్ పరీక్షల్లోని ఐజీఎం చేశారు. ‘హెచ్‌ఎస్‌వీ 1, 2 ఐజీఎం’ (హెచ్‌ఎస్‌వీ అంటే హెర్పిస్ వైరస్, 1, 2 దాని రకాలు) అని ఒకే వరుస, ఎదురుగా 1.3, ముదురు అక్షరాల్లో పాజిటివ్. రెండు వారాలు అన్నం సహించలేదు. ఇంట్లో నా కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. అమ్మ అడిగితే గొంతు నొప్పి అని చెప్పాను.

చివరికి ఒక చర్మవ్యాధుల వైద్యురాలికి చూపిస్తే, ముందు కంచం సంగతే తేల్చారు: హెర్పిస్ పాత్రల వల్ల అంటదు. తర్వాత రిపోర్టు పక్కన పెట్టేశారు. ఐజీఎం ఉంటే కొత్తగా సోకినట్టేనని అనుకుంటాం. హెర్పిస్‌లో ఆ లెక్క కుదరదు. ఎప్పుడో సోకినది తిరగబెట్టినా అది కనిపించవచ్చు, వైరస్ ఒకటో రకమో (ఎక్కువగా పెదవుల మీద వచ్చేది) రెండో రకమో (ఎక్కువగా జననాంగాల మీద వచ్చేది) తేల్చలేదు, అసలు ఏమీ లేనివారికీ పాజిటివ్ రావచ్చు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కూడా ఈ పరీక్ష వద్దనే చెబుతోంది.

మీరు అడగవలసింది గ్లైకోప్రొటీన్-జీ (వైరస్ పైపొరలో ఒక్కో రకానికి వేరుగా ఉండే ప్రొటీన్) ఆధారంగా చేసే ఐజీజీ (సోకాక చాలాకాలం ఒంట్లో ఉండే యాంటీబాడీ) పరీక్ష. ఒకటో రకానికి, రెండో రకానికి విడివిడిగా ఫలితం ఇస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి. రెండూ కలిపి ఒకే అంకె ఇస్తే ఉపయోగం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపు వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఒకటో రకం ఉంది. చాలామందికి చిన్నప్పుడే సోకుతుంది. కొందరికి జ్వరం తగ్గాక పెదవి చివర లేచే పొక్కులు దానివే.

రెండో విషయం సమయం. యాంటీబాడీలు తయారు కావడానికి 12 వారాల దాకా పట్టవచ్చు. ఇప్పుడు నెగటివ్ వచ్చినా అది చివరి మాట కాదు.

అంకె కూడా చూడాలి. చాలా కిట్లలో 1.1 దాటితే పాజిటివ్ అంటారు, కానీ రెండో రకానికి 1.1 నుంచి 3 మధ్య వచ్చేవాటిలో తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ. ఐజీజీలో రెండో రకానికి నాకు 1.6 వచ్చింది. మళ్లీ గుండె జారిపోయింది. వైద్యురాలు వేరే పద్ధతిలో ఇంకోసారి చేయించారు, నెగటివ్ వచ్చింది. ఈ రెండో పరీక్ష లేకుండా మాత్రం ఎవరికీ ఏమీ చెప్పుకోకండి.

ఈలోగా పొక్కు లేస్తే రక్తపరీక్ష సంగతి మరిచిపోయి, అది ఎండిపోకముందే, వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లి అక్కడి నుంచి స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీయించి పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్నే పట్టే పరీక్ష) చేయించండి. అంతకంటే గట్టి రుజువు లేదు.

బయట అడగడానికి మొహమాటంగా ఉంటే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని సురక్ష క్లినిక్‌కు వెళ్లండి. సుఖవ్యాధులకు అక్కడ ఉచితంగా చూస్తారు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోండి.