థెరమిన్ ప్లగిన్ తర్వాత కొనొచ్చులే చిన్నీ

చిన్నీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా, నువ్వు మ్యూజిక్ చెయ్యబోయే సినిమాని ఎడిట్ చేసి పంపిన ఫైల్ కూడా చూశా. అనంతగిరి అడవిలో తీశారు కాబట్టి ఫ్రేములు బానే వచ్చాయి, ఆ గ్రహాంతరవాసి మాత్రం ఎంత చీకట్లో నిలబెట్టినా ఫోమ్ షీటు కుట్టిన డ్రెస్సని తెలిసిపోతోంది. నువ్వేమో పాత బ్లాక్ అండ్ వైట్ హాలీవుడ్ చవక సినిమాల్లోలా ఊఊఊ అని మ్యూజిక్ వేసేస్తే జనం నవ్వుకుని సరిపెట్టుకుంటారు, ఏ థెరమిన్ ప్లగిన్ (ముట్టుకోకుండా వాయించే ఆ ఎలక్ట్రానిక్ వాయిద్యం సౌండు ఇచ్చే సాఫ్ట్‌వేర్) కొనమంటావు మావయ్యా అంటున్నావు. ప్లగిన్ సంగతి చెప్తా గానీ ముందు ఆ నవ్వుకుని సరిపెట్టుకుంటారనే ఆలోచన బుర్రలోంచి తీసెయ్. ఆర్ఆర్ (సినిమా నేపథ్య సంగీతం) థియేటర్లలో కీబోర్డు ముందు కూర్చునే జుట్టు నెరిసింది నాకు, ఈ ఒక్క విషయంలో నా మాట విను. తెర మీద భూతం ఎంత అబద్ధంగా ఉంటే మ్యూజిక్ దాన్ని అంత గట్టిగా నమ్మాలి.

1953లో రోబోట్ మాన్‌స్టర్ అని ఒక సినిమా వచ్చింది, దొరికితే చూడు. అందులో భూమిని సర్వనాశనం చేసిన రాక్షసుడు ఎవరయ్యా అంటే గొరిల్లా డ్రెస్ వేసుకుని తల మీద డైవింగ్ హెల్మెట్ బిగించుకున్న ఒక మనిషి, వాడి గుహలో ఉన్న పేద్ద యంత్రం సబ్బు బుడగలు ఊదే మిషను, ఆ మిషనుకి టైటిల్స్‌లో క్రెడిట్ కూడా వేశారు! దానికి మ్యూజిక్ చేసింది ఎల్మర్ బెర్న్‌స్టీన్, మూడేళ్ళ తర్వాత టెన్ కమాండ్‌మెంట్స్ చేసినాయనే. ఆ రోజుల్లో అమెరికాలో కమ్యూనిస్టుల వేట నడుస్తోంది, ఈయన మీద కూడా అనుమానం పడి పెద్ద సినిమాలు రావడం ఆగిపోయాయి, అందుకని ఇదొకటి, అదే ఏడాది క్యాట్ విమెన్ ఆఫ్ ది మూన్ అని ఇంకోటి ఒప్పుకున్నాడు. సౌండ్ పెట్టుకుని చూడు, గొరిల్లా ఎండలో కొండ దిగి నడిచొస్తుంటే మ్యూజిక్‌లో ఎక్కడా వెటకారం ఉండదు, ఎనిమిదిమందే మిగిలిన కథకి ఎంత బరువు కావాలో అంత బరువూ మోస్తుంది. బొమ్మ చూస్తే నవ్వొస్తుంది, కళ్ళు మూసుకుని వింటే మాత్రం రాదు. 1980లో ఎయిర్‌ప్లేన్ అనే కామెడీ తీసినవాళ్ళు వెతుక్కుంటూ ఇదే బెర్న్‌స్టీన్ దగ్గరికి వెళ్ళారు, పాత చవక సినిమాలకి చేసినట్టే సీరియస్‌గా చెయ్యమని. అంటే నవ్వించాలన్నా మ్యూజిక్ నవ్వకూడదు. నీ ఫోమ్ షీటాయనకి కూడా అంతే.

ఇంక పని సంగతి. ముందు మ్యూజిక్ లేకుండా సినిమా మొత్తం చూడు, ఎక్కడ మ్యూజిక్ వద్దో రాసుకో, ఎక్కడ కావాలో తర్వాత చూద్దాం. మీ వయసు వాళ్ళు మొదటి ఫ్రేమ్ నుంచే కింద ఒక ప్యాడ్ (ఆపకుండా సాగే కీబోర్డు సౌండు) పరిచేస్తారు, అది తివాచీలా చివరిదాకా అలా పడుంటుంది, భయం రావాల్సిన చోట కొత్తగా రావడానికి ఏమీ మిగలదు. 1931 డ్రాక్యులాలో టైటిల్స్ మీద చైకోవ్‌స్కీ స్వాన్ లేక్ ముక్క ఒకటి వస్తుంది, కథలో వాళ్ళు కచేరీ హాలుకి వెళ్ళినప్పుడు అక్కడి మ్యూజిక్ కాస్త వినపడుతుంది, అంతకుమించి సినిమాలో మ్యూజిక్ దాదాపు లేదు. టాకీలు కొత్తగా వచ్చిన రోజులవి, గదిలో వాయించేవాళ్ళు లేకుండా మ్యూజిక్ ఎక్కడిదని జనం అడుగుతారేమో అని అప్పటి వాళ్ళ బెరుకు. కానీ ఇప్పుడు చూస్తే ఆ కోటలో మెట్ల మీద ఆయన నిలబడి ఉన్నప్పుడు ఆ సైలెన్సే ఒళ్ళు జలదరించేలా ఉంటుంది. మీ అడవి సీన్‌లో కీచురాళ్ళు, ఎండుటాకుల మీద అడుగులు బాగా రికార్డయ్యాయి, వాటిని అలా వదిలెయ్. తల్లి టార్చ్ ఆర్పేసేదాకా ఒక్క నోట్ కూడా వద్దు.

భూతానికి ఒక బిట్ కట్టుకో, చిన్నది. క్రియేచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్ 1954లో యూనివర్సల్ వాళ్ళది, దానికి మ్యూజిక్ రాసినవాళ్ళు ముగ్గురు, హాన్స్ సాల్టర్, హెర్మన్ స్టైన్, హెన్రీ మాన్సీనీ, పేరు మాత్రం డిపార్ట్‌మెంట్ హెడ్ జోసెఫ్ గెర్షెన్సన్‌దే పడింది, రాసినవాడొకడు పేరొకడిది అనే వ్యవహారం మన దగ్గరే పుట్టిందనుకోకు. అందులో ఆ జంతువు కనపడినప్పుడల్లా బ్రాస్ (ఇత్తడి బూరలు) మూడు నోట్లు గట్టిగా అరుస్తుంది, చెయ్యి కనపడినా సరే అరుస్తుంది. ఒక దశ దాటాక విసుగొస్తుందనుకో, అయినా అన్నేళ్ళయినా జనానికి గుర్తున్నది ఆ మూడు నోట్లే. నువ్వు మూడో నాలుగో నోట్లు తీసుకో, కానీ అరుపు ఒక్కచోటే వాడు, మిగతా చోట్ల అవే నోట్లని బాగా కింద స్థాయిలో నెమ్మదిగా పెట్టు, పోల్చుకోలేనంతగా. నోట్లు ఏవంటావా, స నుంచి ప్రతిమధ్యమానికి దూకితే వచ్చే ఆ ఇబ్బంది నీకు తెలిసిందే, స పక్కనే శుద్ధ రిషభం కలిపి పట్టి ఉంచితే వచ్చే గరుకు కూడా తెలుసు. ఇది వాళ్ళూ మనమూ అందరం వాడి వాడి అరగదీసిందే, అయినా ఇప్పటికీ పనిచేస్తుంది.

ఆ తర్వాత వాయిద్యాలు తగ్గించుకో. నీ దగ్గర ఆర్కెస్ట్రా లైబ్రరీ ఉందని తెలుసు, ఎనభైమంది వాయిస్తున్నట్టు వినిపించొచ్చు, అదే అసలు సమస్య, వినేవాడికి అది కంప్యూటర్ ఆర్కెస్ట్రా అని ఒక్క క్షణంలో తెలిసిపోతుంది, అప్పుడు ఫోమ్ షీటు పక్కన ఇంకో ఫోమ్ షీటు చేరినట్టు. రోజర్ కోర్‌మన్ చవక సినిమాలకి ఫ్రెడ్ కాట్జ్ అని ఒక జాజ్ సెల్లో ప్లేయర్ చేశాడు, ఎ బకెట్ ఆఫ్ బ్లడ్, ది వాస్ప్ ఉమన్, లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్, వరసగా 1959, 60ల్లో, అదే మ్యూజిక్ ఈ సినిమాలోంచి ఆ సినిమాలోకి తిరుగుతూనే ఉంటుంది. హిచ్‌కాక్ 1960లో సైకో తీసినప్పుడు కూడా తన లెక్కల్లో అది చిన్న బడ్జెట్టే, టీవీ యూనిట్‌తో తీశాడు, బెర్నార్డ్ హెర్మన్ ఒక్క స్ట్రింగ్స్ సెక్షనే పెట్టుకున్నాడు, బ్రాస్ లేదు డ్రమ్స్ లేవు. షవర్ సీన్‌కి మ్యూజిక్ వద్దని డైరెక్టర్ చెప్తే కూడా రాసి వినిపించాడు, విన్నాక డైరెక్టరే మాట మార్చుకున్నాడు. మీ డైరెక్టర్ కూడా ఏదో ఒక సీన్‌కి వద్దంటాడు చూడు, వాదించకు, చేసి వినిపించు.

నీ కథకి దగ్గరగా ఉన్నది మాత్రం కార్నివాల్ ఆఫ్ సోల్స్, 1962. హెర్క్ హార్వీ అని కాన్సాస్‌లో ఇండస్ట్రియల్ ఫిల్ములు తీసుకునే ఆయన తీసిన ఒకే ఒక్క కథాచిత్రం, సుమారు 33 వేల డాలర్లలో. మ్యూజిక్ జీన్ మూర్, మొత్తం ఆర్గనే. అదెందుకు కుదిరిందంటే హీరోయిన్ ఉద్యోగమే చర్చిలో ఆర్గన్ వాయించడం. ఒక సీన్‌లో ఒంటరిగా కూర్చుని ప్రార్థన గీతం వాయిస్తుంటుంది, ఉన్నట్టుండి చేతులు వేరే దారి పడతాయి, తిన్నగా ఉన్న మ్యూజిక్ మెల్లిగా వంకర తిరిగి జాతర రంగులరాట్నం దగ్గర వినపడేదాని లాగా అయిపోతుంది, కళ్ళు ఎటో చూస్తుంటాయి, పెడల్స్ మీద ఒట్టి కాళ్ళు కదులుతుంటాయి, పాదిరి వచ్చి ఆమె చేతులు పట్టుకుని ఆపేసి ఇంక ఈ చర్చిలో వాయించొద్దంటాడు. అప్పటిదాకా మనం విన్న ఆర్గన్ బయటి నుంచి వేసిన ఆర్ఆరా, ఆమె తలలో మోగేదా అనే అనుమానం అక్కడ మొదలవుతుంది, ఇంక పోదు. నీ సినిమాలో ఆ అమ్మాయి తాతగారి గదిలో హార్మోనియం పెట్టె కనపడుతుంది కదా, దుమ్ముపట్టి. దాన్నే వాడుకో! మీ అమ్మ దగ్గర ఉన్న పాత హార్మోనియం బయటికి తియ్యి, బెలోస్ (గాలి తిత్తి) సగం గాలితో ఆపితే కింది స్థాయి రీడ్స్ శ్రుతి కొద్దిగా జారి మూలిగినట్టు వస్తాయి, మైకు దగ్గరగా పెడితే చెక్క కిర్రుమనడం కూడా పడుతుంది. అది డబ్బులిచ్చినా దొరకని సౌండు. రివర్బ్ (గదిలో మోగే ప్రతిధ్వని) కావాలంటే మీ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర రాత్రి పూట స్పీకర్ పెట్టి ప్లే చేసి పై ఫ్లోర్లో ఫోన్‌తో రికార్డ్ చేసుకో, వాచ్‌మన్‌కి ముందే చెప్పు లేకపోతే ఆయన జడుసుకుంటాడు.

సరే థెరమిన్. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ థెరమిన్ కనిపెట్టాడు. లోపల రెండు ఆసిలేటర్లు (కంపనాలు పుట్టించే సర్క్యూట్లు) ఉంటాయి, రెండూ చెవికి అందనంత పైన పలుకుతుంటాయి, ఒకటి కదలదు, రెండోది నీ చెయ్యి యాంటెన్నా దగ్గరికి వచ్చేకొద్దీ మారుతుంది, రెంటికీ ఉన్న తేడాయే మనకి వినపడే నోట్. ఒక చెయ్యి నిలువు కడ్డీ దగ్గర పిచ్‌కి, ఇంకో చెయ్యి పక్కనున్న లూప్ దగ్గర వాల్యూమ్‌కి, ఏదీ ముట్టుకోవడం ఉండదు. వీణకున్నట్టు మెట్లు లేవు కాబట్టి స్వరం గాల్లో వెతుక్కోవాలి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారకుండా వెళ్ళడం కష్టం, ఆ భయపెట్టే గుణమంతా ఆ జారుడులోనూ వణుకులోనూ ఉంది. హాలీవుడ్‌లో ఎక్కువగా వాయించింది శామ్యూల్ హాఫ్‌మన్, వృత్తికి పాదాల డాక్టరు. 1945లో స్పెల్‌బౌండ్, 1950లో రాకెట్‌షిప్ ఎక్స్-ఎమ్, 51లో ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్, అన్నిటిలో ఈయన చెయ్యి ఉంది. ఈ చివరిదాంట్లో సైకో చేసిన బెర్నార్డ్ హెర్మనే రెండు థెరమిన్లు పెట్టాడు, వాటి కింద హామండ్ ఆర్గన్లు, ఎలక్ట్రిక్ వయొలిన్. వింటే థెరమిన్ ఒక్కటే తేలిపోతూ ఉండదు, కింద బరువైన బ్రాస్ నిలబెట్టి ఉంచుతుంది. కామెడీ స్కిట్లలో వాడే ఊఊఊకీ దీనికీ తేడా అదే.

ప్లగిన్ కొనకుండానే చెయ్యొచ్చు. నీ సింథ్‌లో సైన్ వేవ్ తీసుకుని మోనో మోడ్‌లో (ఒకసారికి ఒక్క నోటే పలికేలా) పెట్టి పోర్టమెంటో (నోట్ నుంచి నోట్‌కి జారే సెట్టింగ్) పెంచు, నోట్ మొదలైనప్పుడు వణుకు ఉండకూడదు, నిలబడ్డాక మాడ్ వీల్‌తో మెల్లిగా తేవాలి, వాల్యూమ్‌ని ప్రతి నోట్‌కీ పెడల్‌తో పెంచి తగ్గించాలి. ఒక్క జాగ్రత్త, నీ చేతులు కర్ణాటక సంగీతం నేర్చుకున్న చేతులు, జారుడు అనగానే గమకం వచ్చేస్తుంది, గ్రహాంతరవాసి దిగే చోట కల్యాణి రాగం వినపడితే నేను లేచి వెళ్ళిపోతా. సినిమా మొత్తంలో థెరమిన్ రెండు మూడు చోట్లకి మించి వద్దు.

తాళం విషయంలో మాత్రం నీ చదువు పూర్తిగా వాడుకో. 1978 హాలోవీన్‌కి డైరెక్టర్ జాన్ కార్పెంటరే మ్యూజిక్ కూడా చేసుకున్నాడు, 3 లక్షల డాలర్ల పైచిలుకు సినిమా, మూడు రోజుల్లో ముగించాడు. ఆ పియానో బిట్ తెలిసిందే కదా, ఐదు బీట్ల లెక్క, చిన్నప్పుడు వాళ్ళ నాన్న బాంగోల మీద నేర్పిన లెక్క అది. విడదీసి చూస్తే తకిట తకిట తక తక, అంతే, మనవాళ్ళకి ఖండం (ఐదు లెక్క) కొత్తేం కాదు. నాలుగుకి అలవాటుపడిన చెవికి అది ఎప్పుడూ ఒక అడుగు ఎక్కువ పడుతున్నట్టు ఉంటుంది, వెనక ఎవరో వస్తున్నట్టు. మ్యూజిక్ పెట్టకముందు ఆ సినిమా చూసిన ఒక స్టూడియో ఎగ్జిక్యూటివ్ అస్సలు భయమెయ్యలేదన్నదట, ఆ మాట కార్పెంటరే చాలాసార్లు చెప్పుకున్నాడు. నీ పరుగు సీన్‌కి మిశ్రం (ఏడు లెక్క) ప్రయత్నించు, కానీ ఎవరికీ చెప్పకు, చెప్తే అంతా వేళ్ళతో లెక్కపెడుతూ కూర్చుంటారు. మన దగ్గర రాంగోపాల్ వర్మ రాత్రి సినిమాకి మణిశర్మ చేసింది కూడా ఒకసారి విను, ఖాళీ ఇంట్లో కెమెరా నడుస్తుంటే ఏం చేశాడో.

మీ డైరెక్టర్ నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌లోంచి మ్యూజిక్ ఎత్తేద్దామన్నాడు చూడు, అది పబ్లిక్ డొమైన్ అని, అక్కడ ఆగమని చెప్పు. 1968లో పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ మీద కాపీరైట్ నోటీసు పెట్టడం మర్చిపోయారు, అందుకే సినిమా అందరిదీ అయిపోయింది, నిజమే. కానీ అందులో మ్యూజిక్ చాలావరకు వాళ్ళ సొంతం కాదు, క్యాపిటల్ కంపెనీ హై-క్యూ లైబ్రరీలోంచి కొనుక్కున్న స్టాకు, అందులో కొన్ని ముక్కలు అంతకు తొమ్మిదేళ్ళ ముందే టీనేజర్స్ ఫ్రమ్ ఔటర్ స్పేస్‌లో వచ్చాయి. సినిమా హక్కు వేరు, మ్యూజిక్ హక్కు వేరు. మన చట్టంలో కూడా రికార్డింగ్‌కి రిలీజైన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్ళు, రాసినాయనకి ఆయన పోయాక 60 ఏళ్ళు, రెండూ విడివిడిగా చూసుకోవాలి. బాఖ్ టొకాటా లాంటి బాగా పాతది నువ్వే హార్మోనియం మీద వాయించుకో, ఎవరి గొడవా ఉండదు. కానీ స్టాకు ఎలా అతికించారో మాత్రం చూసి నేర్చుకో, ఎవరో వేరే పనికి రాసిన బిట్‌ని సరిగ్గా తలుపు విరిగే చోటికి ఎలా తెచ్చి పెట్టారో, ఎక్కడ సగంలో కోసేశారో.

మిక్సింగ్‌లో పైన హై (బాగా సన్నటి శబ్దం), కింద సబ్ (బాగా లోతు శబ్దం) రెండూ కొంచెం కొయ్యి, మోనో (ఒక్క ఛానెల్) చేసి ఫోన్ స్పీకర్లో విను, ఎలాగూ అందరూ అందులోనే చూస్తారు. ఆ పాత ట్రాకులు కూడా చాలావరకు మోనోలోనే చేసినవి. టేప్ హిస్ (పాత టేపులో వచ్చే బుస శబ్దం) మాత్రం పొయ్యకు, పాతదనం అరువు తెచ్చుకున్నట్టుంటుంది.

ఇంకొకటి, ఒక్క వాయిద్యమైనా మనిషి చేత వాయించు. సెల్లో వాయించే కుర్రాడు ఒకడున్నాడు, సికింద్రాబాద్‌లో, నెంబర్ విడిగా పంపుతా. ఫ్రెండ్లీగా చేసిపెట్టు బ్రో అని అడక్కు, కాల్‌షీట్ ఎంతో ముందే మాట్లాడుకో, నోట్స్ రాసి ఇవ్వు, పొద్దున పది తర్వాత పిలువు, భోజనం పెట్టించు. పిక్చర్ లాక్ (ఎడిటింగ్ ఇంక మారదని ఖాయం) చేశాకే పిలవాలి, ఈయన వాయించి వెళ్ళాక మీ వాడు మళ్ళీ రెండు షాట్లు కోస్తే ఆ డబ్బులు నీ జేబులోంచే పోతాయి.

మావయ్య