ముందు ఆ బ్యాగు విప్పండి

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. అమరావతి సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్‌ని. 2016లో ఆఫీసు వెలగపూడికి మారినప్పటి నుంచి నేను విజయవాడలో ఒక గదిలో, భార్య, కూతురు హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచర్. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. శుక్రవారం రైలెక్కి రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరతాను. ఫైళ్ల టెన్షన్, ఆఫీసు ఫోన్లు వెంటే వస్తాయి. శనివారం ఆమెకి స్కూలు ఉంటుంది, ఇంట్లో ఒక్కడినే. వెళ్తూ వెళ్తూ పనుల చీటీ చేతిలో పెడుతుంది. నేను వచ్చానన్న సంతోషమే కనిపించదు. ఆదివారం రాత్రి మళ్లీ ప్రయాణం కాబట్టి మాసిన బట్టలు తీసి మెషిన్ దగ్గర పడేస్తానంతే, బ్యాగు కూడా విప్పను. శుక్రవారం పని ఎలా ముగిస్తే ఈ రెండు రోజులూ ప్రశాంతంగా గడుస్తాయి? ఫోన్ ఆపేయమంటారా?

జవాబు: మీరు అడిగినదానికి జవాబు చిన్నది. శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక కొత్త ఫైలు తెరవకండి. వారమంతా నానిన వాటిలో రెండో మూడో పైకి పంపేయండి. సోమవారం రాగానే చూడాల్సినవి ఒక కాగితం మీద రాసి, కీబోర్డు కింద పెట్టి లేవండి. హైకోర్టులో వేయాల్సిన కౌంటరు, సమావేశాలు జరిగే రోజుల్లో అసెంబ్లీ ప్రశ్నలు, ఇలాంటివి తప్ప శనివారం ఆగని ఫైళ్లు ఎన్ని ఉంటాయి? వాటికి మాత్రమే ఫోన్ చేయమని మీ కింది వాళ్లకి చెప్పండి. ఫోన్ ఆపేయక్కర్లేదు. ఇంత సర్వీసు ఉన్న మీకు ఇవన్నీ తెలియవని నేను అనుకోను.

నేను ఆగిపోయింది ఆ బ్యాగు దగ్గర. తొమ్మిదేళ్లు దాటింది. ఇన్నేళ్లుగా సొంత ఇంట్లో మీ బట్టలు బీరువాలోకి వెళ్లడం లేదు.

మా నాన్నగారికి చాలాకాలం పొరుగూళ్లో ఉద్యోగం. పదిహేను రోజులకోసారి వచ్చేవారు. గుమ్మంలోకి రాగానే చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించాకే మంచినీళ్లు అడిగేవారు. పొద్దున్న నిద్ర లేచి ముందు ఆ చొక్కా ఉందో లేదో చూసుకునేవాళ్లం. ఉంటే నాన్న ఉన్నట్టు. మీ ఇంట్లో వాళ్లకి వారం వారం కనిపిస్తున్నది జిప్పు వేసి, ప్రయాణానికి సిద్ధంగా ఉన్న బ్యాగు.

ఇక మీ భార్య సంగతి. మీకు రెండు రోజుల సెలవు. ఆమెకి ఉన్నది ఒక్క ఆదివారం. అందులో మీ ఐదు జతల బట్టలు ఉతకాలి, ఆరేయాలి, ఇస్త్రీ చేయించాలి. మీరు వచ్చారని కూరో పులుసో ఎక్కువ వండాలి. రాత్రికి మీకు టిఫిన్ కట్టాలి. తెల్లారితే మళ్లీ స్కూలు. విశ్రాంతి లేదని నాకు ఉత్తరం రాయాల్సింది మీరా, ఆవిడా? కోపంగానే అడుగుతున్నాను. తన మాసిన బట్టలు తాను ఉతుక్కోవడం మగవాడికి చిన్నతనమని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. శనివారం ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు కదా. మెషిన్ మీరు వేయండి. ఆమె స్కూలు నుంచి వచ్చేసరికి బట్టలు మడతపెట్టి ఉండాలి, అన్నం వండి ఉండాలి.

ఆ చీటీ చూసి నొచ్చుకున్నారు. మోటారు మెకానిక్, గ్యాస్ బుకింగ్, కాలేజీ ఫీజు, బ్యాంకులో సంతకం, ఇలాంటివే ఉంటాయని ఊహించగలను. చుట్టం వస్తే కాళ్లకి నీళ్లిచ్చి కూర్చోబెడతారు, ఇంటాయన వస్తే పని చెబుతారు. ఆమె మిమ్మల్ని ఇంకా ఇంటాయన కిందే లెక్కేస్తోంది. ఆ చీటీ రావడం ఆగిపోయిన రోజు భయపడండి.

మీకు ఐదు రోజుల పనివారం ఇచ్చిందే హైదరాబాద్ నుంచి కదిలొచ్చిన ఉద్యోగుల ఇబ్బంది చూసి. దాన్ని ఏడాదికోసారి పొడిగిస్తూ వస్తున్నారు. మీ కాపురాన్నీ మీరు అలాగే పొడిగిస్తూ వచ్చారనిపిస్తోంది. అమ్మాయి టెన్త్ అయ్యాక చూద్దాం, ఇంటర్ అయ్యాక చూద్దాం, లోన్ తీరాక చూద్దాం. ఇంటర్ పరీక్షలు కాగానే ఎవరు ఎక్కడ ఉండాలన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆమె ఉద్యోగం మానేసి రావాలన్న మాటతో మాత్రం మొదలుపెట్టకండి. అన్నేళ్లు ఇల్లు నిలబెట్టిన ఉద్యోగం అది.

అమ్మాయి గురించి ఒక్క ముక్కే రాశారు. ఆ పిల్ల ఇప్పుడు పుస్తకాల్లో మునిగి ఉంటుంది, తనని కదిలించకండి. ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి.

ఈ శుక్రవారం ఇంటికెళ్లగానే, ఎంత రాత్రయినా సరే, బ్యాగు ఖాళీ చేసి అటక మీద పెట్టండి. ఆదివారం రాత్రి మళ్లీ దించుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, పడనివ్వండి. అంతకంటే ముందు, రైల్లో కూర్చున్నాక ఆమెకి ఫోన్ చేయండి. ఏం వండావని అడగొద్దు. ఈవేళ స్కూల్లో ఎలా గడిచిందని అడగండి. "ఆ, ఏముంది, మామూలే" అని పొడిగా జవాబొస్తే నొచ్చుకోకండి. పై శుక్రవారం మళ్లీ అడగండి.