టీ315ఐ వస్తే మూలకణ మార్పిడి చేసినా దండగేనా?

చిత్తూరులో మీ బావగారికి సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) అనీ, దానికి వాడే ఇమాటినిబ్ మాత్ర పనిచేయక టెస్టు చేస్తే టీ315ఐ మ్యుటేషన్ (జన్యువులో మార్పు) తేలిందనీ, "ఇక బోన్ మ్యారో మార్చినా దండగ" అంటున్నారనీ రాశారు. ఆ మాట తప్పు, నమ్మకండి.

టీ315ఐ అడ్డుపడేది మాత్రకి. ఈ జబ్బుని నడిపే బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్‌లో 315వ చోట థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసోల్యూసిన్ వస్తే, ఇమాటినిబ్ కూర్చునే గాడి మూసుకుపోతుంది. డాసాటినిబ్, నీలోటినిబ్‌లకీ అదే గతి. పోనాటినిబ్, అసిమినిబ్ లాంటివి పనిచేస్తాయి. మార్పిడిలో జబ్బుని అణిచిపెట్టేది ముఖ్యంగా దాత తెల్లకణాలు, వాటికి ఆ గాడితో పనే లేదు. అసలు చూడాల్సింది దశ. బ్లాస్ట్ క్రైసిస్‌లో (జబ్బు బాగా ముదిరిన దశలో) ఉంటే ముందు మందులతో క్రానిక్ దశకి (నెమ్మదిగా సాగే తొలి దశకి) దించి, అప్పుడు మార్పిడికి వెళ్లాలి.

అందుకే క్యారియోటైప్ (క్రోమోజోములు చూసే టెస్టు) అడగండి. ఎనిమిదో క్రోమోజోమ్ అదనంగా ఉన్నా, సీఎంఎల్‌లో కనిపించే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ రెండోది కనిపించినా జబ్బు ముదిరే సూచన. బీసీఆర్-ఏబీఎల్ ఎంతుందో కొలిచే పీసీఆర్ టెస్టులో ఇవి కనబడవు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ట్యూబుల దగ్గర. పీసీఆర్‌కి, మ్యుటేషన్‌కి ఊదా మూత ఈడీటీఏ ట్యూబు, రక్తం 10 మి.లీ. క్యారియోటైప్‌కి ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులో మూలుగ. తారుమారైతే హెపారిన్ పీసీఆర్‌ని అడ్డుకుంటుంది, ఉన్న జబ్బు లేనట్టు కనిపించొచ్చు. క్యారియోటైప్‌కి కణాలు బతికుండాలి, చలికి గడ్డకడితే చచ్చిపోతాయి. పీసీఆర్‌కి కావాల్సిన ఆర్ఎన్ఏ మన తిరుపతి మే ఎండకి గంటల్లో చెడుతుంది. థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్ పెట్టి, ట్యూబుకి తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టి, 24 గంటల్లో చేర్చాలి. శనివారం సాయంత్రం కొరియర్‌కి ఇవ్వడమంత పొరపాటు లేదు.

ఇంకో బాధ, కొన్ని పీసీఆర్ రిపోర్టుల్లో శాతం పక్కన 'ఐఎస్' (ఇంటర్నేషనల్ స్కేల్, అంటే అంతర్జాతీయ కొలమానం) ఉండదు. అది లేకుండా రెండు ల్యాబుల అంకెలు పోల్చకూడదు. ప్రతిసారీ ఒకే ల్యాబుకి పంపండి.

దాత సంగతి: ఒక్కో తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. బావగారి అమ్మానాన్నలది మేనరికమైతే తోబుట్టువులతో ఆగకుండా దగ్గరి బంధువులకీ హెచ్‌ఎల్‌ఏ (దాత కణాలు కలుస్తాయో లేదో చూసే టెస్టు) చేయించండి. పిల్లలు ఎలాగూ సగం కలుస్తారు. రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఈ మార్పిడులు 1986 నుంచీ చేస్తున్నారు, చిత్తూరికి దగ్గరే.

మార్పిడయ్యాక మొదటి మూడు నెలల్లో పీసీఆర్ కొద్దిగా పాజిటివ్ వస్తే హడలిపోవద్దు. వరుసగా పెరుగుతుంటేనే డాక్టర్లు దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) కొద్ది కొద్దిగా ఎక్కిస్తారు. ప్రతి శాంపిల్ ఫారం మీదా మార్పిడి తేదీ, వాడుతున్న మందు, మొదట్లో తేలిన ట్రాన్స్‌క్రిప్ట్ రకం (బీసీఆర్-ఏబీఎల్ ఆర్ఎన్ఏ ఏ రకమో) రాయించండి.