హ్యామ్ రేడియోలో, 630 మీటర్ల బ్యాండ్‌లో (475 కిలోహెర్ట్జ్ దగ్గర) ఎఫ్‌టీ8తో మొదలుపెట్టాలా, నేరుగా ఎఫ్‌ఎస్‌టీ4డబ్ల్యూ-1800కి వెళ్లాలా?

రెండూ వద్దండీ. ముందు ఒక నెల విస్పర్ నడపండి. ఇవన్నీ బలహీనమైన సిగ్నల్‌ను కంప్యూటర్‌తో పంపి పట్టుకునే డిజిటల్ మోడ్‌లే; ఎఫ్‌ఎస్‌టీ4డబ్ల్యూ చివర ఉండే 300, 1800 ఒక్కో విడతకి పట్టే సెకన్లు. ఎంత బలహీనమైన సిగ్నల్‌ను ఏ మోడ్ పట్టగలదో చెప్పే పట్టిక చూసి 1800 అంటున్నారని అర్థమైంది. ఆ పట్టికను నమ్మే నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను.

ఉండేది టెక్సాస్‌లో. ఈ బ్యాండ్‌కి పావు వేవ్ యాంటెన్నా అంటే దాదాపు 158 మీటర్లు. మా పెరట్లో లేచింది 14 మీటర్ల తీగ, కింద ప్లాస్టిక్ బకెట్‌కి చుట్టిన కాయిల్. వంద వాట్లు పోసినా బయటికి వెళ్లేది ఒక వాట్ కూడా ఉండదు. అందుకే పట్టికలో విస్పర్‌కి మైనస్ 31, ఎఫ్‌ఎస్‌టీ4డబ్ల్యూ-300కి మైనస్ 36.8 డెసిబెల్స్ (ఎంత కిందికి ఉంటే అంత బలహీనమైన సిగ్నల్‌ను పట్టగలదని) అని చూడగానే ఆశ పుట్టింది. ఐదారు డెసిబెల్స్ ఊరికే వస్తుంటే ఎవరు వదులుకుంటారు?

మూడు వారాలు 300 నడిపినా, విన్నామని ఒక్క రిపోర్టూ రాలేదు. విసుగొచ్చి విస్పర్ పెడితే ఆ రాత్రే పది మంది విన్నారు. విన్నవాళ్ల జాబితాలో, ఫ్రీక్వెన్సీ ఎంత జారుతోందో చెప్పే డ్రిఫ్ట్ అని ఒక గడి ఉంటుంది. నా వరసలన్నిటిలో 2, 2, 3, 2. అప్పటిదాకా ఆ గడి వైపే చూడలేదు.

తప్పు ట్రాన్స్‌వర్టర్‌లో (రేడియో సిగ్నల్‌ను ఈ బ్యాండ్‌కి మార్చే పెట్టెలో) ఉంది. అందులో 10 మెగాహెర్ట్జ్ మామూలు క్రిస్టల్. యాంప్లిఫయర్ ఫ్యాన్ గాలి సరిగ్గా దాని మీదకే కొడుతోంది. పది లక్షల్లో 0.2 వంతు కదిలినా అక్కడ 2 హెర్ట్జ్. 475 కిలోహెర్ట్జ్‌కి దింపాక ఆ 2 తగ్గదు, అలాగే వస్తుంది. విస్పర్‌లో సందేశాన్ని మోసే టోన్ల మధ్య దూరం 1.46 హెర్ట్జ్, పైగా డీకోడర్ కాస్త జారుడును వెంబడించి పట్టుకుంటుంది. 300లో ఆ దూరం 0.56 మాత్రమే. 1800లో అయితే 0.09, అదీ అరగంట పాటు కదలకుండా నిలబడాలి! ఫ్రోజెన్ చేపలు వచ్చిన థర్మోకోల్ డబ్బా క్రిస్టల్ మీద బోర్లించి, ఫ్యాన్ పక్కకి తిప్పాను. డ్రిఫ్ట్ గడిలో సున్నాలు వచ్చాయి, 300 పనిచేసింది. డబ్బా వాసన మాత్రం ఇంకా పోలేదు, మా ఆవిడ గ్యారేజీలోకి రావడం మానేసింది. 1800ని జీపీఎస్‌తో లాక్ చేసిన ఆసిలేటర్ కొన్నాకే ముట్టుకున్నాను. దాని అసలు చోటు ఇంకా కింది ఫ్రీక్వెన్సీలో ఉండే 2200 మీటర్ల బ్యాండే అని నా అభిప్రాయం.

ఇక ఎఫ్‌టీ8 సంగతి. విస్పర్, ఎఫ్‌ఎస్‌టీ4డబ్ల్యూ బీకన్లు, అంటే ఒకవైపు పంపడమే; వాటిలో కాంటాక్ట్ (ఇద్దరూ ఒకరికొకరు జవాబిచ్చుకోవడం) కుదరదు. కాంటాక్ట్ కావాలంటే ఎఫ్‌టీ8, లేదా చివర డబ్ల్యూ లేని ఎఫ్‌ఎస్‌టీ4-60. చలికాలం రాత్రుల్లో ఎఫ్‌టీ8 చాలు, మనుషులూ దొరుకుతారు. వేసవిలో ఇక్కడ ఉరుముల చిటపటలు ఎక్కువ. పదిహేను సెకన్ల మెసేజ్‌లో రెండు పెద్దవి పడితే అంతే సంగతులు. ఒక నిమిషం మెసేజ్ వాటిని తట్టుకుంటుంది, ఏడు డెసిబెల్స్ అదనంగా కూడా ఇస్తుంది. కాకపోతే ఒక కాంటాక్ట్‌కి ఆరేడు నిమిషాలు పడుతుంది, అవతలివాళ్లూ అదే మోడ్‌లో ఉండాలి కాబట్టి ముందే చాట్‌లో మాట్లాడుకోవాలి.

మీరూ అమెరికాలోనే ఉన్నానన్నారు కాబట్టి ఇంకొకటి: కరెంటు లాంటి యుటిలిటీ సంస్థల సంఘమైన యుటిలిటీస్ టెక్నాలజీ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో నోటీసు పెట్టి, 30 రోజుల్లో అభ్యంతరం రాకపోతేనే కీ నొక్కాలి, అంటే ప్రసారం మొదలుపెట్టాలి. ఈలోగా కాయిల్ చుట్టుకోవచ్చు.

మీది ట్రాన్స్‌వర్టరా, నేరుగా 475 కిలోహెర్ట్జ్ పుట్టించే రిగ్గా (రేడియో సెట్టా) రాయలేదు. రిగ్ అయి, 0.5 పీపీఎం (పది లక్షల్లో 0.5 వంతు) టీసీఎక్స్‌ఓ, అంటే వేడి మార్పును సరిచేసుకునే క్రిస్టల్ ఆసిలేటర్, ఉంటే మొత్తం తేడా పావు హెర్ట్జే, విస్పర్ నెల అయ్యాక 300కి వెళ్లిపోండి. ట్రాన్స్‌వర్టర్ అయితే క్రిస్టల్ ఏ ఫ్రీక్వెన్సీదో చెప్పండి, లెక్క వేసి చెబుతాను.