బాపమ్మ ‘మామా’ అని పిలిచినా, పీటల మీద కూర్చునేది నువ్వే

ప్రశ్న: నా వయసు 27. హిమాయత్‌నగర్‌లో ఉంటాం. నిజాం కాలంలో మాది జాగీర్దారుల కుటుంబం, ఊళ్లో గడి ఇంకా ఉంది. నాలుగేళ్లప్పుడు గడి వెనక పూడ్చేసిన బావి ఎక్కడుందో వేలు పెట్టి చూపించానట. ముత్తాతకు ఉన్నచోటే నాకూ భుజం మీద మచ్చ ఉంది. పెద్దదొర మళ్లీ పుట్టాడని బాపమ్మ తేల్చేసింది. ఆయన 1949లో జాగీరు పోయాక, పద్నాలుగేళ్ల కోడలిగా వచ్చిన తనకు పలక మీద అక్షరాలు దిద్దించాడని ఇప్పటికీ చెబుతుంది. నన్ను పేరు పెట్టి పిలవదు, ‘మామా’ అంటుంది. దసరా నాడు నన్ను ఆయన కుర్చీలో కూర్చోబెట్టి అందరూ చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కుతారు. నాకు ఎనిమిదేళ్లప్పుడు పెద్దనాయన మొక్కుతుంటే ఆయన చేతులు వణకడం గుర్తుంది. ఇప్పుడు ఆయనా చిన్నాయనా ఒకటై నాన్న మీద పార్టిషన్ దావా వేశారు. ఉదయం మా ఇంట్లో అనుకున్న మాట సాయంత్రానికి వాళ్లకు చేరిపోతోంది. ఇంతలో ఒక రాజకీయ కుటుంబం నుంచి సంబంధం వచ్చింది. పెళ్లయితే నాన్నకు టికెట్ ఇప్పిస్తారట, ఎన్నికల ఖర్చు వాళ్లే పెట్టుకుంటారట, దావా కూడా వాపసు తీయిస్తారట. ‘వాళ్ల తాతకు వియ్యమందుతానని మాటిచ్చి పోయావు మామా, ఈ జన్మలోనైనా తీర్చుకో’ అంటుంది బాపమ్మ. అమ్మాయితో పది నిమిషాలు కూడా విడిగా మాట్లాడలేదు. నిద్ర లేదు. ఒక్కోసారి మాయమైపోతే బాగుండనిపిస్తుంది. మీ కొడుకులాంటివాణ్ణి. నేనెవరో చెప్పండి మేడం.

జవాబు: బాబూ, ముందు నీ ఉత్తరంలోని చివరి మాటల గురించి మాట్లాడతాను. మాయమైపోవాలనిపించడం అంటే ఇల్లు వదిలి వెళ్లాలనా, ప్రాణం మీదికి తెచ్చుకోవాలనా? రెండోదైతే ఈ జవాబు పక్కన పెట్టి ఇప్పుడే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. మొదటిదే అయినా, ఇన్ని రాత్రులు నిద్ర లేకపోతే ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. నిద్ర లేని బుర్రతో పెళ్లికి ఒప్పుకోవద్దు, కాదనీ చెప్పొద్దు.

ఇక నువ్వెవరు అన్న సంగతి. పునర్జన్మ ఉందో లేదో తేల్చే శక్తి నాకు లేదు. గత జన్మ గురించి చెప్పే పిల్లలను వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇయాన్ స్టీవెన్సన్ అనే మానసిక వైద్యుడు దశాబ్దాల పాటు పరిశీలించాడు, మన దేశానికీ వచ్చాడు. ఆ మాటలు మాట్లాడటం రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలై, బడికి వెళ్లే వయసు వచ్చాక చాలామందిలో మాసిపోతుందని ఆయన రాశాడు. అంటే అలాంటి పిల్లలు కూడా పెరిగి మామూలు మనుషులే అవుతారు. నీకు మాత్రం ఆ అవకాశం ఇవ్వలేదు. ఏటా కుర్చీ వేసి గుర్తు చేశారు. జ్ఞాపకం మీద అమెరికా మనస్తత్వవేత్త ఎలిజబెత్ లోఫ్టస్ 1995లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ‘చిన్నప్పుడు నువ్వు బజార్లో తప్పిపోయావు, మీ ఇంట్లోవాళ్లే చెప్పారు’ అని జరగని సంగతిని కొందరికి చెబితే, దాదాపు నాలుగో వంతు మంది అది తమకు కొంతైనా గుర్తుందన్నారు. నాలుగేళ్ల పిల్లవాడు పెద్దల మాటలు ఎన్ని వింటాడో ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు. ఆ బావి నీకు గుర్తుందా, బావిని చూపించావని పదే పదే విన్నది గుర్తుందా? ‘చూపించానట’ అని రాశావు. ఆ ‘ట’ దగ్గర ఒకసారి ఆగి ఆలోచించు.

కాసేపు నువ్వే పెద్దదొరవని అనుకుందాం. అయినా వియ్యమందుతానని ఆయనిచ్చిన మాట నిన్ను కట్టిపడెయ్యదు. మనం చనిపోయినవాళ్లకు పిండం పెడతాం, ఋణం తీరిందంటాం. వాళ్లిచ్చిన మాట కోసం ఇంకో ఇంటి ఆడపిల్ల మెడలో తాళి కట్టమని ఏ శాస్త్రమూ చెప్పగా నేను వినలేదు.

బాపమ్మ మీద కోపం పెట్టుకోకు. తాత పేరు పెట్టుకున్న మనవణ్ణి ‘నాయనా’ అని పిలుచుకుని కళ్లు తుడుచుకునే ఇళ్లు మనవి. మా ఇంట్లో నాకు చనిపోయిన మేనత్త పేరు పెట్టారు. మా తాతయ్య నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. అది నా మీద ప్రేమో, కూతురి మీద బెంగో తెలియక చాలాకాలం లోపల బాధపడ్డాను. నీ ఉత్తరంలోనూ ఆ బాధే కనిపించింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఒకటి గమనించు. బాపమ్మ ఆ ఇంటికి వచ్చేసరికి జాగీరు లేదు. ఆమెకు ప్రాణమైన పెద్దదొర కుర్చీలో కూర్చున్న దొర కాడు. అన్నీ పోయాక కోడలి పక్కన కూర్చుని పలక పట్టుకున్న మనిషి. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆమె దగ్గర కూర్చుని ఆ పలక సంగతి అడుగు. ఏ అక్షరం దగ్గర చెయ్యి తిరగలేదో, ఆయన ఏమనేవాడో చెప్పించు. వింటున్నంతసేపూ మనవడిగానే విను. చివర్లో నెమ్మదిగా, ‘బాపమ్మా, ఒక్కసారి నన్ను నా పేరుతో పిలువు’ అను. వెంటనే పిలవకపోవచ్చు, ఏడవవచ్చు కూడా. అయినా అడుగు.

మీ నాన్నగారి లెక్క వేరు. పెళ్లితో ఇల్లు నిలబడుతుందని ఆయన నమ్ముతున్నారు. మన ఊరి చరిత్రలోనే దీనికి జవాబుంది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సుల్తాను అబ్దుల్లా తల్లి హయత్ బక్షీ బేగం స్వయంగా అతని దగ్గరికి వెళ్లి సంధి మాట్లాడింది. ఆ సంధిలో భాగంగా అబ్దుల్లా కూతుర్ని ఔరంగజేబు కొడుకుకిచ్చి పెళ్లి చేశారు. ముట్టడి ఎత్తేశారు. 31 ఏళ్ల తర్వాత, 1687లో, అదే ఔరంగజేబు వచ్చి గోల్కొండను పట్టుకున్నాడు. వియ్యం అడ్డురాలేదు. ఆ పెద్దావిడ పేరు మీద హయత్‌నగర్ ఉంది. పెళ్లికూతురి పేరు మాత్రం నేను ఎవరి నోటా వినలేదు.

నీ ఉత్తరంలో కూడా అమ్మాయికి పేరు లేదు. ఏం చదివింది, ఏం పని చేస్తోంది, ఆమెకు ఇష్టమేనా, ఒక్క ముక్క లేదు. నువ్వు చెడ్డవాడివని కాదు, నీ గొడవలో మునిగిపోయావు. కానీ ఆమె కూడా నీలాగే ఒక ఇంటి ఎత్తులో పావు అయి ఉండొచ్చు. ఈ వారంలోనే, పెద్దవాళ్లు లేకుండా, నలుగురూ తిరిగే చోట గంటసేపు కలువు. పెద్దదొర కథ, టికెట్ మాట, దావా అన్నీ ముందే చెప్పు. తర్వాత ‘నీకిష్టం లేకపోతే కాదన్న మాట నా నోటితో వస్తుంది, నిందా నేనే మోస్తాను’ అని చెప్పు. ఆమె ఏమందో విన్నాకే నీ నిర్ణయం.

చట్టం సంగతి కూడా మీ నాన్నగారికి తెలియాలి. పెళ్లికి సంబంధించి ఒక వైపు వాళ్లు రెండో వైపు వాళ్లకు ఇచ్చే సొమ్ము, నేరుగా ఇచ్చినా చుట్టూ తిప్పి ఇచ్చినా, 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నమే. ఇచ్చినా పుచ్చుకున్నా మామూలుగా ఐదేళ్లకు తక్కువ కాని జైలు ఉంటుంది. ఎన్నికల ఖర్చు అని పేరు మార్చినంత మాత్రాన ఆ లెక్క మారదు. దావా తెగడానికి పెళ్లి అక్కర్లేదు. అన్నదమ్ములు రాజీకి వస్తే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు, అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం. అన్నట్టు, మీ మేనత్తలు ఉంటే వాళ్లనెవరైనా అడిగారా? హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ పుట్టుకతోనే వాటా ఉంది. మంచి సివిల్ లాయరుకు కాగితాలు చూపించండి.

ఆ దావా భూమి కోసమే అని నాకు అనిపించడం లేదు. యాభై దాటిన మనిషిని, ఇంటి పెద్దకొడుకుని, ఎనిమిదేళ్ల పిల్లవాడి కాళ్లకు మొక్కించారు. దసరా నాడు చిన్నవాళ్లు పెద్దల చేతిలో జమ్మి పెట్టి ‘బంగారం’ అని కాళ్లకు మొక్కుతారు. మీ ఇంట్లో అది తలకిందులైంది. ఆ చేతులు వణికింది భక్తితో కాదని ఆ వయసులోనే నీకు తెలిసినట్టుంది, లేకపోతే ఇన్నేళ్లు గుర్తుండదు. ఇంట్లో మాటలు మోసేవాళ్లను పట్టుకోవాలని చూడకు. దానికి అంతుండదు. మాట మోయాల్సిన అవసరం ఎక్కడ పుట్టిందో ఆ చోటికి వెళ్లు.

ఈ దసరాకు కుర్చీ ఎక్కనని ఇంట్లో ముందే చెప్పు. ఆ సాయంత్రం లాయర్లూ పెద్దమనుషులూ లేకుండా ఒక్కడివే పెద్దనాయన ఇంటికి వెళ్లు. దావా మాట ఎత్తకు. జమ్మి ఆయన చేతిలో పెట్టి, వంగి కాళ్లకు మొక్కు. ఆయన తలుపు తియ్యకపోతే గడప మీద ఆ ఆకు పెట్టి వచ్చెయ్యి, మరుసటి ఏడూ వెళ్లు.